అత్తమ్మ వేసిన ముడి

మర్రిగూడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడం నా ఉద్యోగం. కొలవకుండా దేన్నీ నమ్మకపోవడం నా జబ్బు. మూడేళ్ల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ జబ్బే నన్ను నల్లగొండలోని మా ఇంట్లో బందీని చేసింది.

టీవీలో ఒక హిందీ థ్రిల్లర్ నడుస్తోంది. కొండమీది బంగళాలో దొంగలు ఒక కుటుంబాన్ని కుర్చీలకు కట్టేశారు. చూస్తున్నది నా భార్యా, అచ్చంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన మా అత్తమ్మా. గొర్రెల మధ్యే బతికిన అత్తమ్మకు హిందీ రాదు. అయినా కథ మాకంటే ముందే ఆమెకు అర్థమవుతుంది.

నా తనిఖీ మొదలైంది. మూడో రోజుకు కూడా ఇంటి యజమానికి గడ్డం పెరగలేదు. మరుగుదొడ్డికి పోతానని ఎవరూ అడగలేదు. తెల్లవార్లూ వెలిగిన కొవ్వొత్తి అంగుళమైనా తరగలేదు. ప్రతి లోపాన్నీ సినిమా ఆపించి మరీ నివేదించాను. చివరికి తాళ్ల దగ్గరికి వచ్చాను.

"గా ముడి ఐదు నిమిషాలల్ల ఇప్పుకోవచ్చు. గీళ్లు బందీలు కాదు, సోమరిపోతులు."

"అయితే నువ్వు ఇప్పుకో, సూద్దాం," అంది నా భార్య.

పందెం కుదిరింది. నేను విప్పుకుంటే సినిమా బంద్. విప్పుకోలేకపోతే కథ ఒడిసేదాకా, అంటే పూర్తయ్యేదాకా, నేను నోరెత్తకూడదు. ఇరవై ఏళ్ల కాపురంలో నా వాక్కుకు అంతటి ప్రమాదం ఎన్నడూ రాలేదు.

ప్రయోగ నియమాలు నేనే నిర్ణయించాను.

"మొహమాటం వద్దు అత్తమ్మా. పొట్టేలుకు మందు తాపేటప్పుడు ఎట్ల కడ్తవో గట్లనే కట్టు."

చదువుకున్నవాడు తప్ప ఇంకెవరూ ఇలాంటి ఆదేశం ఇవ్వరు. ఆమె కళ్లు టీవీ మీదే ఉన్నాయి. చేతులు మాత్రం నా మణికట్లను వెనక్కి తిప్పి, దండెం తాడుతో చుట్టి, కుర్చీకి బిగించాయి. లాగినకొద్దీ ముడి బిగుసుకుంది. ఐదు నిమిషాలు పోయాయి, పది పోయాయి.

"ఇది చెల్లదు! సినిమాల ముడి వేరు, గీ ముడి వేరు!"

"పొట్టేలు గూడ మొదలు గిట్లనే ఒర్రుతది అల్లుడా. జర సేపైతే అదే సల్లబడ్తది," అంది అత్తమ్మ.

ఆ తర్వాత సినిమా ఒక్కసారీ ఆగలేదు. వాళ్లిద్దరూ రెండుసార్లు ఉలిక్కిపడ్డారు, ఒకసారి కళ్లు తుడుచుకున్నారు. చేతులు నొస్తున్నాయని నేను మూలిగాను.

"కదలకుండ, మాట్లాడకుండ గంటసేపు కూసునుడు గింత కష్టమా?" అంది నా భార్య. "ఇరవై ఏండ్ల సంది నీ పక్కన నేను గట్లనే కూసుంటున్న."

జవాబిచ్చే హక్కు నాకు లేదు.

సినిమా అయిపోయింది. అత్తమ్మ తాడు కొసను ఒక్క గుంజు గుంజింది, ముడి విడిపోయింది. గొంతు సవరించుకుని కొవ్వొత్తితోనే మొదలుపెట్టబోయాను.

"ఆగు. రెండో భాగం గూడ ఉందట," అంది నా భార్య, రిమోట్ అందుకుంటూ.

పందెం ఒక్క సినిమాకేనని వాదించాను. తీర్పు కోసం ఇద్దరం అత్తమ్మ వైపు చూశాం.

"దొంగలు దొరకనే లేదు గద అల్లుడా. కథ ఏడ ఒడిసింది?"

ఆ ప్రశ్నను అన్ని వైపుల నుంచీ పరీక్షించాను. దోషం కనిపించలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను.