అక్కను పట్టుకున్న రావి

నేను కళ్యాణదుర్గంలో సిమెంటు, ఇనుము అమ్ముకునేవాణ్ణి. గాలి సోకింది, దయ్యం పట్టింది అని ఎవరైనా మొదలుపెడితే ముందు డాక్టరు దగ్గరికి పొమ్మని కసురుకునే రకం. ఇప్పటికీ అంతే. కానీ మా సుజాతక్కకు జరిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అక్క జాతకంలో కుజదోషం ఉందన్నారు. మా వాళ్లలో అలాంటి అమ్మాయికి ముందు అరటిచెట్టుతో పెళ్లి చేసి, ఆ చెట్టును నరికేస్తారు. దోషం చెట్టుతో పాటే పోతుందని నమ్మకం. ఆ ఏడాది బోర్లన్నీ ఎండిపోయి మా ఊరు కుందుర్పి చుట్టుపక్కల ఒక్క అరటిచెట్టు కూడా లేదు. మా చేను గట్టు మీద ఒక వేపచెట్టు ఉండేది. దాని కొమ్మల సందున ఎప్పుడో పిట్ట రెట్టలోంచి రావి మొలిచి, వేర్లు నేలదాకా దించి, వేప మొదలంతా వల వేసినట్టు చుట్టుకుంది. రావి దేవుడి చెట్టు, ఇంకా మంచిదే అన్నారు పెద్దలు. తీరా ఆ రావితో అక్క పెళ్లి తంతు అయ్యాక దాన్ని నరకడానికి ఎవరికీ చేతులు రాలేదు. దేవుడి చెట్టు కదా! అలాగే వదిలేసి, అక్కను రాయదుర్గం బావకిచ్చి పెళ్లి చేశాం.

కొన్నాళ్లకే అక్కకు ఊపిరి ఆడటం కష్టమైంది. పక్కటెముకల మీద తాళ్లతో బిగించి కట్టినట్టు వాతలు. బావ కొడుతున్నాడనుకుని నేను కొట్లాటకు పోయాను.

"నేను చెయ్యెత్తలేదు బామ్మర్దీ. కావల్సుంటే మీ అక్కనే అడుగు" అని ఆయన ఏడ్చాడు. అక్క కూడా అదే మాట చెప్పింది.

అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చాం. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. వాతలు మాత్రం రోజురోజుకూ లోతుగా దిగుతున్నాయి. ఒకరోజు నాయన ఒక్కో వాత వెంబడి వేలు జరిపి చూశాడు.

"మన వేపచెట్టును ఆ రావి ఇట్లే పట్టుకోనుండాది రా. పోయి నరికేసొస్తా" అన్నాడు.

నేను విసుక్కున్నాను. ఆయన వినలేదు. కూలీలెవరూ ఒప్పుకోకపోతే తానే గొడ్డలి పట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున నేను అక్క పక్కనే ఉన్నాను. నా కళ్ల ముందే ఆమె మెడ కింది వాత పలచబడి మాయమైంది. తర్వాత దాని కిందిది. అక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఎన్నాళ్లకో నవ్వింది.

"ఊపిరాడతాండాది రా. ఆకలైతాండాది, ఇడ్లీ తెస్తావా?" అంది.

నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. నేను చెప్పులేసుకుంటుండగా అక్క మంచం దిగి నిలబడింది. నిలబడ్డది నిలబడ్డట్టే కుప్పకూలింది. డాక్టర్లు పరిగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేదు.

అంతలో చేను దగ్గర నుంచి చిన్నాన్న ఫోన్ చేశాడు. అక్క సంగతి నా నోట రాకముందే ఆయన అందుకున్నాడు.

"వేర్లన్నీ తెగినాయప్పా. వేపచెట్టు కూడా పడిపోయినాది. లోపల ఎప్పుడో పుచ్చి డొల్లయినట్టుండాది. ఇన్నాళ్లూ దాన్ని ఆ రావే నిలబెట్టినాది."

గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఎందుకాగిందో వాళ్లకీ తెలియలేదు. ఆ రావి అక్కను చంపుతూ వచ్చిందో, చావకుండా పట్టుకుని ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన అప్పుడప్పుడు నన్ను అదే అడుగుతాడు. నేను లేచి బయటికి పోతాను.