మొదటి రాశి ధర

మొన్న పొద్దున ఎవరో సూర్యాపేట మార్కెట్‌లో వడ్ల ధర వాట్సాప్‌లో పంపారు. ఒకే ఒక్క అంకె, పక్కన ‘గరిష్ఠం’ అన్న మాట. ఇన్నేళ్ళయినా ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో జిల్లా పేజీ అడుగున చిన్న పెట్టెలో మార్కెట్ ధరలు వేసేవారు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండువేల ఐదు ప్రాంతంలో ఆ పెట్టె నింపే పనితోనే నా వ్యాపార విలేఖరి ఉద్యోగం మొదలైంది. నలుగురిలో నోరు పెగలక, చెప్పాల్సిందంతా డైరీకే చెప్పుకునే పిల్లను నేను.

మార్కెట్ యార్డులో రోజూ మొదటి వడ్ల రాశికి కొబ్బరికాయ కొట్టి, శకునం బాగుండాలని కమీషన్ వ్యాపారులైన అడ్తిదారులు కావాలనే ఎక్కువకు పాడేవారు. ఆ ధరనే పేపరుకు చెప్పేవారు, మేమూ అదే అచ్చువేసేవాళ్ళం. అది చదివి ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకుని వచ్చిన రైతుకు తేమ ఉందనీ తాలు ఉందనీ ధర కోసేవారు, వెనక్కి తీసుకుపోతే మళ్ళీ కిరాయి కనుక అతను ఇచ్చినకాడికి అమ్ముకుని పోయేవాడు. కొన్నాళ్ళు చూసి చూసి, ఒకరోజు ఎక్కువ రాశులకు పలికిన ధరే రాసేశాను.

మర్నాడు యార్డులో అడుగుపెట్టగానే పెద్ద అడ్తిదారు హమాలీలందరి ముందూ నిలబెట్టాడు.

“ఏం పిల్లా, బోణీ ధర ఇడిసిపెట్టి ఏడుపు ధర రాస్తవా? మా దుకాణాల మీద మన్ను పోస్తే ఇగ మీ పేపర్ల మా యాడ్‌లు ఉంటయా?”

హమాలీలు నవ్వారు. సాయంత్రం మా ఇన్‌చార్జి, మిర్యాలగూడ రైసుమిల్లుల దసరా ప్రకటనలు పోతే ఊరుకోననీ, పాత పద్ధతిలో రాస్తే ఉద్యోగం, లేకపోతే ఇల్లనీ తేల్చేశాడు. రైతులైనా నా వైపు ఉంటారనుకున్నాను.

రెండు రోజులకు పెన్‌పహాడ్ నుంచి ఒక రైతు పేపరు చుట్టపెట్టుకుని, బస్సెక్కి నేరుగా ఆఫీసుకే వచ్చాడు.

“ఊర్లకొచ్చే బేరగాడు నువ్ రాసిందే సూపిస్తున్నడమ్మా. పేపర్లనే గింతుంటే నేనేడికెల్లి ఎక్కువియ్యాలె అంటున్నడు. మునుపు ఆ పెద్ద ధర సూపి మేం గట్టిగ అడుగుతుంటిమి. ఎవలు రాయమన్నరు నిన్ను?”

పక్క బల్ల దగ్గర వింటున్న ఇన్‌చార్జి నన్ను చూసి మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వుకే నాకు మొండితనం వచ్చింది. మర్నాటి పెట్టెలో రెండు ధరలు రాశాను: పైన మొదటి రాశికి పలికింది, కింద మిగతా రాశులకు పలికింది. బేరగాడిని అడగడానికి పైది, ట్రాక్టర్ ఎక్కించే ముందు ఆలోచించుకోవడానికి కిందిది. వారం తిరక్కుండా నన్ను కోదాడకు పంపించారు. సూర్యాపేట పెట్టెలోకి పాత ధర ఒక్కటే తిరిగొచ్చింది.

కోదాడలో మిల్లు యజమాని కుర్చీ కూడా చూపించలేదు. “రెండు ధరల అమ్మాయివి నువ్వేనా? ఇక్కడ ఒకటి రాయమ్మా, సరిపోద్ది,” అన్నాడు. అక్కడా రెండే రాశాను, అక్కడినుంచీ పంపేశారు.

ఆ తరవాత హైదరాబాదులో కంపెనీల వార్తలు రాస్తూ పేరు తెచ్చుకున్నాను. అక్కడ చల్లని గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవారు, నేను రాసినదానికి నష్టపోయిన మనిషి ఒక్కడూ నా బల్ల దాకా రాలేదు.

ఫోన్‌లోని ఆ ఒక్క అంకెను రాసిందెవరా అని మొన్న వెతికాను. కింద ఎవరి పేరూ లేదు. ఆ పెన్‌పహాడ్ మనిషి ఇవాళ ఇది నమ్మి మోసపోతే, తిట్టడానికి ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలి?