నొప్పి తెలియని అయ్యగారు

2022 వానాకాలం. వరంగల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సును. నెక్కొండ వైపు నుంచి ఒక పాస్టరును తీసుకొచ్చారు. షుగర్ ముదిరి కుడిపాదం నల్లబడింది, వాసన వస్తోంది. వెంట వచ్చిన సంఘస్తులు ఆయన కోసం ప్రార్థిస్తారనుకున్నాను. వాళ్లు మంచం వైపు తిరిగి మోకాళ్లూని, ఆయనకే ప్రార్థిస్తున్నారు.

డాక్టరుగారు డెబ్రైడ్‌మెంట్ మొదలుపెట్టారు. అంటే కుళ్లిన కండను కోసి తీసేయడం. పాస్టరు చిరునవ్వుతో గుమ్మంలో నిలబడ్డ సంఘస్తుల వైపు చూశాడు.

"చూసిన్రా, నాకు నొప్పి లేదు. నాది మీ అసొంటి శరీరం కాదు. మీరు మొక్కే దేవుడు ఎవరో కాదు, నేనే."

"ఆమెన్" అన్నారందరూ, చాలా మెల్లగా.

వాళ్లలో కొమురమ్మ అనే ముసలామె, పుండు తుడిచి బకెట్లో పడేసిన గాజుగుడ్డ తీసి కొంగున ముడేసుకుంటోంది.

"అవ్వా, పారెయ్యి. అది చీము."

"దేవుని నెత్తురు బిడ్డా."

నేనూ క్రైస్తవురాలినే. అంత్యదినాల్లో ఒక పాపపురుషుడు దేవుని ఆలయంలో కూర్చుని తానే దేవుణ్ణని చూపించుకుంటాడని బైబిల్లో ఉన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. అలాంటి మనిషి పాదం నా చేతుల్లో చల్లగా ఉంది.

మోకాలి కింద కాలు తీసేయకపోతే ప్రాణం దక్కదని డాక్టరుగారు చెప్పారు.

"నన్ను కోసే అధికారం ఎవనికున్నది?" అన్నాడు పాస్టరు.

మర్నాడు పొద్దున మోనోఫిలమెంట్ టెస్ట్ చేశాను. సన్నని నైలాన్ దారంతో నొక్కి పాదంలో స్పర్శ ఉందో లేదో చూస్తాం. కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పమన్నాను. వేళ్లు, అరికాలు, మడమ అయ్యాయి. బాగున్న ఎడమపాదమూ అయింది.

"ఇంక షురూ చెయ్యవా సిస్టర్?" అన్నాడు.

నేను మళ్లీ ఎడమ బొటనవేలి మీద దారం ఆనించాను.

"ఇందాకటి సంది ఒత్తుతనే ఉన్నదయ్యా" అంది మంచం పక్కనే ఉన్న కొమురమ్మ.

ఆయన కళ్లు తెరిచాడు. బొటనవేలి మీద దారం వంగి ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నరాలు చచ్చిపోయాయి అయ్యగారూ. ఇందులో మహిమేం లేదు" అన్నాను.

సాయంత్రం ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

కాలు తీసేశాక ఫాంటమ్ పెయిన్ మొదలైంది. లేని కాలు ఉన్నట్టే పెట్టే నొప్పి అది.

"పాదం మండుతాంది సిస్టర్. లేని పాదం మండుతాంది. దేవా, నన్ను కనికరించు."

వసారాలో కూర్చున్న సంఘస్తులు ఆ కేక విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. కొమురమ్మ మాత్రం లోపలికొచ్చి ఆయన తల మీద చెయ్యి పెట్టింది.

"ప్రభువా, ఈయన మనిషి. జర చూడు తండ్రీ."

ఆయన ఆ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూలిగే రోగి దగ్గరికి ఎవరైనా వెళతారు. నాకేం నొప్పి లేదని నవ్వే రోగి వస్తే, ఇప్పుడు నేను ముందు అతని దుప్పటి ఎత్తి పాదాలు చూస్తాను.