లైన్ ఛార్జ్ చెయ్యనన్న రోజు

కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలంల నేను దబీర్‌పురా సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా ఛార్జ్ తీసుకున్న. మా కరెంటు శాఖల ఈ 'ఛార్జ్' అనే ఒక్క మాట లేకుంటే పొద్దుపోదు. కొత్త కుర్చీల కూసుంటే ఛార్జ్ తీసుకున్నట్టు, సెలవు మీద పోతే పక్క సారుకు ఛార్జ్ ఇచ్చినట్టు. రిపేరు కోసం ఆపిన లైన్‌ల మళ్లీ కరెంటు వదిలితే దాన్ని ఛార్జ్ చేసుడు అంటం. గేటు దాటితే ఆటోవాలా అడిగే ఛార్జ్ వేరే, ఫోన్‌కు పెట్టే ఛార్జ్ వేరే. ఇంగ్లీషోళ్లు ఒక్క మాటను ఇన్ని పనులకు ఎట్ల వాడుతున్నరో గని, నాకైతే శానా మట్టుకు ఒక్క నాడే ఎదురైనయ్.

ఆ రోజు మాదన్నపేట ఫీడర్ మీద పని పెట్టుకున్నం. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి బస్తీలకు పోయే పెద్ద లైను. దాని మీద చెయ్యి పెట్టాలంటే ముందుగాల సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలె. ఆపరేటర్ కరెంటు ఆపి, మనుషులు పనిల ఉన్నరని స్విచ్‌కు బోర్డు తగిలిస్తడు. పని అయినంక ఎల్‌సీ తీసుకున్న మనిషే, తన నోటితోనే, వాపస్ చెయ్యాలె. ఇంకెవరు చెప్పినా చెల్లది. ఆ నాడు రెండు జట్లకు రెండు ఎల్‌సీలు. మధ్యాహ్నానికి ఒక జట్టు వాపస్ చేసింది. రెండోది లైన్‌మన్ యాదగిరిది. ఆయన ఫోన్‌ల ఛార్జ్ అయిపోయి స్విచాఫ్ వస్తున్నది.

అంతల గాజుల హోల్‌సేల్ వ్యాపారి నర్సింగరావు నేనున్న సబ్‌స్టేషన్‌కే ఉరికొచ్చిండు. వాళ్లమ్మ ఇంట్ల ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నది. ఇన్వర్టర్ ఆఖరికొచ్చింది.

"సారూ, మీ యాదగిరి హోటల్ల చాయ్ తాగంగ ఇప్పుడే నా కండ్లతోని చూసిన. ఇంకేం పని ఉన్నది? కరెంటు వెయ్యిరి సారూ, మీ కాళ్లు మొక్కుత!"

ఆపరేటర్ సలీం భాయ్ కుర్చీల నుంచి లేవలే. "యాదగిరి ఖుద్ బోల్నా సాబ్. మై నై డాల్తా" అన్నడు. యాదగిరే స్వయంగ చెప్పాలె, లేకుంటే కరెంటు వెయ్యనని.

నర్సింగరావు అప్పటికే ఎవరికో చెప్పినట్టున్నడు, మా పై అధికారి ఫోన్ చేసిండు. "ఆయన అబద్ధమెందుకు చెప్తడయ్యా? బాధ్యత నాది, ఛార్జ్ చెయ్" అన్నడు.

ఒకపక్క ముసలామె ఊపిరి, ఒకపక్క యాదగిరి పాణం. నర్సింగరావు కండ్లల్ల నీళ్లు చూస్తుంటే నేనేదో కసాయోన్ని అనిపించింది. ఆయన మాట మీద నాకు అనుమానం లేదు. కానీ చాయ్ తాగుడు, ఎల్‌సీ వాపస్ చేసుడు ఒకటి కాదు గదా!

"చెయ్యను సార్" అని ఫోన్ పెట్టేసిన. ఆఫీసు బండి నర్సింగరావుకు ఇచ్చి, "అన్నా, కరెంటు కోసం చూడకు. అమ్మను దవాఖానకు తీస్కపో" అన్న. "మా అమ్మకేమన్న అయితే నిన్ను ఇడిసిపెట్ట" అనుకుంట పోయిండు. నేను ఫోన్ చేసినా సరే, యాదగిరి గొంతు వినేదాక స్విచ్ ముట్టొద్దని సలీం భాయ్‌కి చెప్పి, ఆయన స్కూటీ మీద బయలెల్లిన.

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీల, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద యాదగిరి రెండు చేతులతోని తీగె పట్టుకొని ఉన్నడు. చాయ్ తాగిన మాట నిజమే. పని అయిపోయిందని ఎర్తింగ్ రాడ్లు కూడ తీసేసి పోయిండట. పొరపాటున కరెంటొచ్చినా మనిషికి తగలకుండ భూమిలకు పంపేవి అవే. తిరిగొచ్చి కిందినుంచి చూస్తే ఒక జాయింటు వదులుగ కనవడ్డదట. ఒక్క బోల్టే గదా అని రాడ్లు పెట్టకుండనే ఎక్కిండు.

"ఏంది సార్, గిట్లొచ్చిన్రు? అయిపోవచ్చింది" అని పైనుంచి నవ్విండు.

ఆ బోల్టు బిగించేదాక కిందనే నిలవడ్డ. ఆయన దిగినంక మాత్రం గల్లీ గల్లీ వినేటట్టు తిట్టిన. "రాడ్లు పెట్టడానికి ఎంతసేపు పడ్తదిర నీకు!" అన్న. తర్వాత యాదగిరి నా ఫోన్‌ల సలీం భాయ్‌తోని మాట్లాడి ఎల్‌సీ వాపస్ చేసిండు. అప్పుడు లైన్ ఛార్జ్ అయింది.

నర్సింగరావు వాళ్లమ్మ దవాఖానల కోలుకొని ఇంటికొచ్చింది. ఆ మాట చెప్పడానికి ఆయన ఆఫీసుకొచ్చి, "అమ్మ మంచిగున్నది సారూ. కానీ నా కోపం ఇంకా పోలే" అన్నడు. "ఉండనియ్ అన్నా" అన్న. ఆయన జాగల నేనున్నా గట్లనే అంటుంటి.

పై అధికారి మాట విననందుకు నాకు ఛార్జ్ మెమో వచ్చింది. తప్పు మోపి జవాబడిగే కాగితాన్ని గూడ మా శాఖల గట్లనే అంటరు. జరిగింది జరిగినట్టు రాసిచ్చిన. ఇక ముందు మర్యాదగ మసులుకోవాలని హెచ్చరించి ఫైలు మూసిన్రు.

నేను నేర్చుకున్నది ఇది. మంచి మనిషి కండ్లతోని చూసింది నిజమే కావచ్చు. పెద్దసారు బాధ్యతంత తన నెత్తిన వేసుకోవచ్చు. ఆ రెండూ కలిసినా తీగె మీదున్న చేతిని కిందికి దించలేవు.