కోలుకోనివ్వని గులాబి

యాభై ఏళ్ళుగా ఒక తప్పును లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. నన్ను ఎవరైనా మంచిదానివి అన్నప్పుడల్లా అది కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, పటాన్‌చెరు వచ్చాను. మా ఆయనకు అక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాకు పందొమ్మిదేళ్ళు. పుట్టిల్లు గోదావరి వైపు. నాన్న పూలమొక్కల తోటలో అంట్లు కట్టేవాడు. ఇక్కడ వీధిలో నాకు పేరే లేదు, ‘ఆంధ్రామె’ అనేవాళ్ళు. నా మాట తీరుకు కొట్టతను నవ్వితే, కొనాల్సింది మరిచిపోయి ఉత్త చేతులతో ఇంటికొచ్చిన రోజులున్నాయి.

మేం కిరాయికున్న ఇల్లు నర్సమ్మక్కది. ముందు గదుల్లో వాళ్ళు, వెనక గదిలో మేము. ఆమెకు నలభై దాటి ఉంటాయి. భర్త పొద్దున్నే పక్క ఊరు లక్డారంలో పొలానికి పోయేవాడు. ఆమె ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. మొదటి మూడు నెలల్లో నాతో పది మాటలు అందో లేదో.

పెరట్లో ఒక నాటు గులాబి ఉండేది. ఆమె ఒక్కగానొక్క కూతురు పెట్టిన మొక్క. ఆ పిల్ల పదిహేనేళ్ళకే జ్వరంతో పోయింది. ఆ ఏడు వానలు వెళ్ళాక గులాబి ఆకులు పసుపుబారి రాలడం మొదలుపెట్టాయి. ఒక పొద్దున నర్సమ్మక్క నా గుమ్మం ముందు నిలబడింది.

“చెల్లె, మీ నాయన మొక్కల పనే చేస్తడంట గద. జెర మా బిడ్డ చెట్టును సూస్తవా?”

చెల్లె. ఆ ఊళ్ళో నన్ను ఎవరైనా వరస పెట్టి పిలవడం అదే మొదలు.

మొక్కకు ఏమైందో చూడగానే తెలిసింది. స్నానాల నీళ్ళు దాని మొదట్లో నిలిచి వేళ్ళు కుళ్ళుతున్నాయి. నీళ్ళు పోవడానికి వేరే దారి తీశాం. నల్లబడిన వేళ్ళు కోసేసి, ఎండు కొమ్మలు కత్తిరించి, కోసినచోట పేడ రాశాను. పాత మట్టి తీసి, పొడిమట్టిలో చివికిన ఎరువు కలిపి నింపాం. నేల తడారాకే నీళ్ళు పోయాలని చెప్పాను. ఆమె నా పక్కనే గొంతుక్కూర్చుని ప్రతిదీ అడిగేది. పని అయ్యాక మెట్టు మీద చాయ్. కూతురి ముచ్చట్లు చెబుతూ నా జడ విప్పి మళ్ళీ అల్లేది. ఆమె వేళ్ళు తలలో తిరుగుతుంటే, ఈ పొద్దు ఎప్పటికీ ఎక్కకపోతే బాగుండునని కళ్ళు మూసుకునేదాన్ని.

మూడు వారాలకు ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి.

“బతికింది చెల్లె! ఇగ నీకు నాతోని తిప్పల లేదు. నీ పని నువ్వు సూసుకో.”

ప్రేమగానే అంది. నాకు పొమ్మన్నట్టు వినబడింది. మర్నాడు ఆమె పిలవలేదు. ఆ మర్నాడూ పిలవలేదు. నేనే వెళ్ళి ఆమె మెట్టు మీద కూర్చుంటే కాదనేదా? ఇప్పుడు అనిపిస్తుంది, అనేది కాదని. అప్పుడు ఆ ధైర్యం లేదు. మూడో రోజు ఆమె బజారుకు పోయాక, చెంబెడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కరిగించి గులాబి మొదట్లో పోశాను.

చంపాలని కాదు. పూర్తిగా కోలుకోకుండా ఉంటే చాలనుకున్నాను.

ఆకుల అంచులు మాడాయి. “చెల్లె, మళ్ళ గట్లనే అయితాంది!” అంటూ ఆమె పరుగెత్తుకొచ్చింది. నీళ్ళు బాగా పారించి ఉప్పు కడిగేశాను, ఏం చేస్తున్నానో ఆమెకు చెప్పకుండా. మళ్ళీ చాయ్, మళ్ళీ జడ. చిగురించగానే మళ్ళీ ఉప్పు. చలికాలమంతా ఇలాగే గడిచింది. ఆ నెలల్లో ఉన్నంత సంతోషంగా నేను తర్వాతెప్పుడూ లేను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం.

ఎండలు ముదిరేసరికి మొక్కలో ఓపిక అయిపోయింది. కొమ్మ గీరి చూశాను, లోపల పచ్చదనం లేదు. ఆమె కూడా చూసింది. ఏడవలేదు. తన అరచేతుల వైపు చూసుకుంది.

“నా చెయ్యే మంచిది గాదు చెల్లె. బిడ్డను నిలుపుకోలే. బిడ్డ పెట్టిన చెట్టునన్న నిలుపుకోలే.”

“ఎండలక్కా,” అన్నాను. “ఈ ఎండలకి ఏం నిలుస్తాయి?”

అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఇల్లు ఖాళీ చేయిస్తారనా? కాదు. మళ్ళీ నన్ను చెల్లె అనదేమోనని.

ఆ తర్వాత ఆమె ఏ మొక్కనూ ముట్టలేదు. చిక్కుడు గింజలు పెట్టాలన్నా నన్ను పిలిచి తను దూరంగా నిలబడేది. ఒకసారి పక్కింటి బాలింత తన బిడ్డను ఎత్తుకోమని అందిస్తే, నర్సమ్మక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను.

మాకు ఫ్యాక్టరీ క్వార్టర్ వచ్చి వెళ్ళిపోయాం. కొన్నేళ్ళకు, చెప్పేయాలనే, ఒక్కదాన్నే ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె తల నెరిసింది. నన్ను చూసి మురిసిపోయి వాడకట్టు ఆడవాళ్ళందరినీ పిలిచింది.

“మా బిడ్డ చెట్టు కోసం ఈమె ఎంత కష్టపడ్డదో! సొంత చెల్లె గూడ గట్ల చెయ్యదు.”

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను తల వంచుకున్నాను, అణకువ అనుకున్నారు. ఆమె వడ్డించిన అన్నం తిని బస్సెక్కాను. మళ్ళీ వెళ్ళేలోపే ఆమె పోయిందని తెలిసింది.

ఇప్పటికీ కొన్ని పొద్దుటిపూటలు ఆమె పిలుపు కోసం చెవి పెడతాను. ఆమె ఉండి, నన్ను తిట్టి, ఇంట్లోంచి గెంటేసినా బాగుండేది. ఆమె తన చేతుల్ని తనే అనుమానించుకుంటూ వెళ్ళిపోయింది. దాన్ని మాన్పే మందు నాకు తెలియదు. మీ దగ్గరా ఉండదు, అడగను.

ఉప్పు పోసింది నేనే. ఇన్నాళ్ళకు ఈ ముక్క కాగితం మీద పెట్టాను. రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.