పక్కన పడే రాయి

రేడియోకు చెవులప్పగించి క్రికెట్ వినే పెద్దమనుషులారా... "కొండవాళ్ళకి చెయ్యి ఉంటుంది గాని నిలకడ ఉండదు" అన్నది మీరే. మా గాసి మావను కంటితో చూడకుండానే ఆయన మీద తీర్పు చెప్పేశారు. చూసినదాన్ని నేనున్నాను. వినండి.

మా చిన్నప్పుడు... పంతొమ్మిది వందల ఇరవై అయిదూ ఆరూ, ఆ ప్రాంతం. అరకు లోయ పైన కొండ మీది మా ఊళ్ళో మాకు తెల్లారేది సామ చేలోనే. మంచు విడవకముందే నేనూ, మా అమ్మ తమ్ముడు గాసి మావా మంచె ఎక్కేవాళ్ళం. కిందంతా తెల్లగా... చేను ఉందో లేదో తెలిసేది కాదు. ఆ తెలుపులోంచి చిలకల గుంపు దిగేది. గెడ్డలో, అంటే కొండవాగులో, ఏరుకొచ్చిన గుండ్రాయి ఒకటి తీసి మావ ఊరికే అలా చెయ్యి ఊపేవాడు. రాయి ఎగిరేది కాదు... తేలేది. వెళ్ళి చిలకకు బొటనవేలంత దూరంలో పడేది. గుంపంతా లేచిపోయేది.

పక్కనే. ఎప్పుడూ పక్కనే. మా ఊరి కట్టుబాటు అది. కోత అయ్యేదాకా చేలో వాలిన పిట్టను అదిలించాలే గాని కొట్టకూడదు. గింజ కోసం వచ్చిన నోరు కదా...

"తప్పింది మావా!" అని వెక్కిరించేదాన్ని.

"తప్పనేదే గుంటా, పక్కకేసినాను. కొట్టీడానికేటి, ఎవుడైనా కొడతాడు" అనేవాడు.

వేటకొచ్చిన ఒక దొర ఆ చెయ్యి చూశాడు. ఫారెస్టు బంగళాకు పిలిపించి ఎర్రటి తోలుబంతి ఇచ్చాడు. వాళ్ళ ఆటలో మోచెయ్యి వంచి విసరకూడదట. మావ మోచేతికి వెదురు బద్ద కట్టుకొని వానాకాలమంతా సాధన చేశాడు. ఆ చేత్తో తినలేక అమ్మ చేత ముద్దలు పెట్టించుకునేవాడు.

"పెళ్ళీడొచ్చినోడివి, సిగ్గునేదేట్రా?" అని నవ్వేది అమ్మ.

ఆ తర్వాత నాలుగేళ్ళు... దొరల మకాం ఎక్కడుంటే మావ అక్కడ. హుకుంపేట, కొయ్యూరు, అడ్డతీగల... అడవి దారిన నడక. పొద్దంతా వాళ్ళకు బంతులు వెయ్యడం. అదీ సాధనకే. ఆట రోజున మాత్రం గీత బయట, నీళ్ళకుండ దగ్గర. ఎందుకంటే మావ బంతి బ్యాటు పట్టినవాడికి అందేది కాదు, వాడి వెనకున్న మూడు కర్రలకూ తగిలేది కాదు. బొటనవేలంత పక్కనుంచి పోయేది. ఆ చేతికి తెలిసిన పని అదొక్కటే.

"కర్రలు పడగొట్టు, విశాఖపట్నం పెద్ద ఆటకు తీసుకెళ్తా" అన్నాడు దొర. ఎంత మంచి దొర అంటారేమో... ఆగండి.

మావ కోరిక ఒక్కటే. పదకొండు మందిలో ఒకడిగా గీత లోపల నిలబడాలి. ఒక్కసారి.

కోతలయ్యాక ఖాళీ చేలో నా చేత మూడు వెదురు కర్రలు పాతించాడు. "తగిల్తే కేకెయ్యే గుంటా" అన్నాడు. ఎన్ని వందల బంతులో... నేను కేక వేసిన రోజు మావ నవ్వలేదు. తన చేతి వంకే చూసుకున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

అయిదో ఏడు ఘాటీ దిగి విశాఖపట్నం వెళ్ళాడు. ఒక దొరకు జ్వరం తగిలి మావకు చోటు దొరికింది. ఆరు బంతులిచ్చారు. అయిదు పక్కనుంచి పోయాయి. ఆరోది నడిమి కర్రను ఎత్తి పడేసింది. "సముద్రం హోరో, సప్పట్లో తెలనేదే గుంటా..." అన్నాడు తిరిగొచ్చాక. కర్రల మీద అడ్డంగా పెట్టే చిన్న చెక్కముక్కను తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ఊరంతా తిప్పి చూపించాను.

అప్పటికి సామ చేను గింజ పట్టింది. మర్నాడు మంచె ఎక్కాం. అదే మంచు. చిలకలు దిగాయి. మావ చెయ్యి ఊపాడు. రాయి తేలుతూ వెళ్ళింది...

ఒక చిలక లేవలేదు.

మావ దిగి వెళ్ళి దాన్ని రెండు చేతులతో ఎత్తుకొచ్చాడు. ఇంకా వెచ్చగానే ఉంది. అమ్మ తిట్టలేదు. "ఏటి సేసీసినావురా ఆ సేతిని?" అంది. అంతే.

మావ మళ్ళీ రాయి ముట్టలేదు, బంతి ముట్టలేదు. "పెద్ద జట్టులో చోటిచ్చారు, బేగి బయల్దేరు" అంటూ దొర బంట్రోతు వస్తే, "సెయ్యి పాడైపోనాదని సెప్పు బాబూ" అన్నాడు. ఇక చిలకల్ని నోటితోనే అదిలించేవాడు... హో... హో... అని. మంచులో ఆ కేక నాకిప్పటికీ వినబడుతుంది.

దాన్నే మీరు నిలకడలేనితనం అన్నారు. ఇప్పుడు మా చేలల్లోనూ పిల్లలు ఉండేలు పట్టి గురి చూసి కొడుతున్నారు. తగిలితే చప్పట్లు. మంచెలు పోయాయి... పక్కన పడే రాయీ పోయింది.

నేనడిగేవి ఇవి.

కొండవాళ్ళ నిలకడ గురించి నోరు విప్పే ముందు, వాళ్ళు దేన్ని పోగొట్టుకుని మీ దాకా వచ్చారో కనుక్కోండి.

నాలుగేళ్ళు బంతులేసిన మనిషిని నీళ్ళకుండ దగ్గర నిలబెట్టకండి.

మా పిల్లలకు కొండ మీదే ఒక మైదానం ఇవ్వండి. వాళ్ళను దిగి రమ్మనకండి, మీరే ఎక్కి రండి.

మీ ఇంట్లోనూ ఇలా ఆగిపోయిన చెయ్యి ఒకటి ఉంటే, ఆ సంగతి నాకు రాయండి.

పిట్ట పక్కన పడిన రాయిని తప్పిన రాయి అనకండి.