నా బిడ్డను డప్పుతోనే సాగనంపిన

నా పెద్దబిడ్డ పోయి ఇరువై రెండొద్దులైంది. కిడ్నీలు ఖరాబైనయి. నల్లగొండ దవాఖానల పానం ఇడిసింది. ఇరువై ఆరేండ్లది. ఆమెను తీస్కపోయిన నాడు మా ఇంటి ముంగట డప్పు మోగిందని ఊర్లె ఇంకా అనుకుంటనే ఉన్నరు. ఒక్కొక్కలకు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్న. నేను అయిదో తరగతి దాకనే చదివిన. తప్పులుంటె మీరే సర్దుకోని చదువుండ్రి.

మాది చిట్యాల దగ్గరి పల్లె. మా మామ డప్పు కొట్టేటోడు. కొట్టేటోడంటె, ఊరోళ్లు కొట్టిపిచ్చేటోళ్లు. ఎవరింట్ల పీనుగ లేసినా కబురొస్తె పోవాలె, తిన్నా తినకున్నా. మేం చర్చిల కలిసినంక మా మామ, మా బావ కలిసి ఆ డప్పును అటుక మీదికి ఎక్కిచ్చిండ్రు. మళ్ల దించలే. మా బావ, అంటె మా ఇంటాయన అన్న, ఇప్పుడు చర్చిల సంఘపెద్ద.

అటుక మీది డప్పును దించింది నా బిడ్డ. అప్పుడు తెలంగాణ కొత్తగ వచ్చింది, ఆమెకు పదారేండ్లు. చినిగిన తోలు తీసేసి కొత్త తోలు కట్టిపిచ్చుకున్నది. చర్చిల పాటలు పాడేది, మంచి గొంతు. ఇంటికొచ్చి డప్పు పట్టేది. వాడకట్టు ఆడోళ్లు నన్ను ఎత్తిపొడిచేటోళ్లు. "ఏం వదినె, నీ బిడ్డ పెండ్లికొడుకు కావాలని తనే సాటింపేసుకుంటదా?" అనేటోళ్లు.

ఓపారి కోపానికొచ్చి ఆమె డప్పు కొట్టే పుల్లను పొయ్యిల పెట్టిన. అది కాలేదాక సూసింది. ఏడ్వలే. "అమ్మా, పుల్లనైతె కాలవెట్టినవ్. మరి చేతులనేం చేస్తవ్?" అన్నది. తెల్లారి గడపల కూసోని ఇంకో పుల్ల చెక్కుకుంటున్నది. నేను చేసింది తప్పని ఆమెకు ఎన్నడు చెప్పలే. ఇక్కడ చెప్తున్న.

మందు గోళీల కంపెనీల ప్యాకింగు పనికి పోయేది. తనతోని పనిచేసే నలుగురు ఆడపిల్లలకు గూడ డప్పు నేర్పింది. ఆదివారం ప్రార్థన అయినంక మా వాకిట్ల గడ్డి మంటేసి డప్పులు కాకపెట్టేటోళ్లు. కాక తగిలితెనే తోలు బిగుస్తది. చెవు కాడ పెట్టుకోని వేలుతోని కొట్టి సూసి, "ఇది ఇంకా నిద్ర లేవలే" అనేది నా బిడ్డ. నేను తిట్టుకుంటనే అందరికి చాయ్ పోసేదాన్ని.

మా బావ ఒకనాడు ఆమెను కూసోపెట్టి అడిగిండు. "మేము సిగ్గుపడి ఇడిసినదాన్ని నువ్వెందుకు పట్టుకున్నవ్ బిడ్డా?"

"ఒకడు కొట్టుమంటె కొట్టుడు వేరు పెద్దబాపు. నాకు బుద్ధి పుట్టి కొట్టుడు వేరు" అన్నది. ఆయన ఒప్పుకోలే.

ఆఖరికి దవాఖానల, నోరెండిపోయి మాట సరిగ వస్తలేదు, నా చెయ్యి పట్టుకోని, "నన్ను సప్పుడు లేకుంట తీస్కపోవద్దే అమ్మా" అన్నది. నేను నోర్ముయ్యుమన్న. ఇంకేమంట?

ఇంటికి తెచ్చి పండవెట్టినం. పాస్టరు అయ్యగారు వచ్చి ఏ పాటలు పాడాల్నో మా బావతోని మాట్లాడుతున్నడు. గంతల ఆ నలుగురు పిల్లలు డప్పులు పట్టుకోని ఆటో దిగిండ్రు.

"అవి బయట పెట్టుండ్రి" అన్నడు మా బావ. నాతోని మెల్లగ అన్నడు, "బ్యాండు మాట్లాడుదాం పిల్లా. డ్రెస్సులేసుకోని మర్యాదగ వస్తరు. మన నాయినలను కుక్కల లెక్క తిప్పిన డప్పు ఇది. మన ఇంటి పీనుగ ముంగట మనమే కొట్టుకుంటమా?"

ఆయన మాటల అబద్ధం లేదు. ఆయన ఎన్ని మాటలు పడ్డడో నాకెరుకే. గని నా బిడ్డకు గూడ నేనే జవాబు చెప్పుకోవాలె గద.

"బావా, నీకు ఆ డప్పుతోని పడ్డ బాధ యాదికొస్తది. నా బిడ్డకు అది పానం. ఆమె పోయేటప్పుడు ఆమె మాటే నడవాలె" అన్న.

"డప్పు మోగుతుంటె నేను ప్రార్థన ఎట్ల చెయ్యాలమ్మా?" అన్నడు అయ్యగారు.

"మీరు చేసేదాక ఆగుతరు అయ్యగారు. మీ పాటలు గూడ పాడుండ్రి, అవీ ఆమె పాడినయే. తర్వాత ఈ పిల్లలు కొడ్తరు. కన్నదాన్ని నేను. కాదన్నోళ్లు వాకిలి దాటి పోవచ్చు."

మా బావ లేసి చెప్పులేసుకోని ఎల్లిపోయిండు. నేను పిలవలే. మా ఇంటాయన తల వంచుకోని కూసున్నడు, వద్దనలే.

డప్పులు కాకపెట్టాలె. పీనుగ లేవకముందు ఇంట్ల మంట పెట్టొద్దంటరు. చర్చికి పోయేటోళ్లమైనా అది మావోళ్లు ఇడువలే. పిల్లలు గడ్డి పట్టుకోని ఒగలి మొకం ఒగలు సూసుకుంటున్నరు. నేనే అగ్గిపెట్టె తీస్కపోయి గీసిన. ఆడోళ్లు గొణిగిండ్రు. గొణగనీ.

ప్రార్థన అయింది. పాటలు అయినయి. అప్పుడు ఆ నలుగురు మొదలువెట్టిండ్రు. మావోళ్లల్ల ఆడోళ్లు మట్టిచ్చే బొందల గడ్డ దాక పోరు. నేను పోయిన, డప్పుల ఎనక, కాళ్లకు చెప్పులు గూడ లేకుంట.

మా బావ ఇయ్యాలటి దాక మాతోని మాట్లాడలే. మాట్లాడకుంటె నాకు బాధే. మళ్ల ఆ రోజొస్తె మళ్ల గదే చేస్త.

బొందల గడ్డ తొవ్వ పత్తి చేన్ల నడుమ నుంచి పోతది. ఆ నాడు డప్పుల సప్పుడుకు చేన్లల్ల ఆడోళ్లు నడుములు లేపి సూసిండ్రు. వొడి నిండ పత్తి, నెత్తికి తువ్వాల. ఒగలు డప్పు పిల్లలను సూసి చేతిల పత్తి కిందేసి నిలవడ్డది. తర్వాత అందరు నిలవడ్డరు. మేం మలుపు తిరిగేదాక ఒక్కలు గూడ మళ్ల వంగలే.